బొటనవేలు మొరాయించినప్పుడు

దసరా వెళ్ళిన వారం, ఓ.పి. బాగా రద్దీగా వున్న రోజున, మనూర్ నుంచి ఒక తల్లి తన కొడుకును వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చింది. కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయి. పాలిటెక్నిక్ చదివి, పటాన్‌చెరు వైపు ఏదైనా ఫ్యాక్టరీలో పని దొరుకుతుందేమోనని ఎదురుచూస్తున్నాడు. ముఖం బాగా పాలిపోయి వుంది. తల్లి చంకలో పాత చీరతో కట్టిన మూట ఒకటి వుంది. రోగం సంగతి చెప్పకముందే ఆ మూటను నా బల్లమీద పెట్టి, "గీ డబ్బనే సారూ, నా కొడుకు పానం తీస్తున్నది. రాత్రంత దీని మీదనే కూసుంటడు. జెర మీరన్న చెప్పుండ్రి" అన్నది.

మూటలో వున్నది ఒక చెక్కపెట్టె. బడిపిల్లల పలకకంటె కొంచెం పెద్దది. పైన గుండ్రటి బటన్లు ఇరవై దాకా వున్నాయి. పట్టుకొని తిప్పే పుల్లగాని, పిడిగాని ఏమీ లేదు. హార్మోనియం చెయ్యబోయి మధ్యలో వదిలేసినట్టుంది. అది వీడియో గేము ఆడే పరికరమని కుర్రాడు చెప్పాడు. ప్లైవుడ్ ముక్కను ఊళ్ళో వడ్రంగి చేత కోయించి, బటన్లూ, అగ్గిపెట్టెంత ఎలక్ట్రానిక్ బోర్డూ తెప్పించి తనే బిగించుకున్నాడట.

"ఎందుకు చేశావోయ్ ఇది?" అని అడిగాను.

"బొటనేలుకు రెస్ట్ ఇయ్యమని మీరే అన్నరు గద సార్" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. శ్రావణమాసంలో ఈ కుర్రాడే ఒంటరిగా వచ్చి ఎడమచేతి బొటనవేలి మొదట్లో నొప్పి అన్నాడు. వీడియో గేము ఆడతానని చెప్పగానే నాకు కోపం వచ్చింది. "ఆట మానెయ్, వేలికి విశ్రాంతి ఇవ్వు" అని నాలుగు చీవాట్లు పెట్టి, అయిదు రోజులకు డైక్లోఫెనాక్ మాత్రలు రాసి పంపేశాను. ఆట ఎలా ఆడతావు, చెయ్యి ఎలా పెడతావు అని ఒక్క మాట అడగలేదు. నూటయాభై మంది బయట నిలబడివున్నారని నాకు నేను సర్దిచెప్పుకోవచ్చు. కాని పొరపాటు పొరపాటే. అతడు ఆ చీటీ పట్టుకొని మందుల దుకాణంలో రెండు నెలలపాటు అవే మాత్రలు కొంటూ వచ్చాడు. నొప్పి తెలియకుండా వుంటే ఇంకో గంట ఆడవచ్చు గదా!

పాలిపోయిన ముఖం చూసి విరేచనం ఎలా అవుతున్నదని అడిగాను. వారం రోజులుగా తారులాగా నల్లగా అవుతున్నదట. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయట. హిమోగ్లోబిన్ 8 గ్రాములు వుంది. కడుపులో పుండు పడి రక్తం కారుతున్నదన్నమాట. వెంటనే పెద్దాసుపత్రికి పంపించాను. ఎండోస్కోపీలో అదే తేలింది. సమయానికి వెళ్ళాడు కాబట్టి మందులతో గట్టెక్కాడు.

తల్లి దృష్టిలో దోషి ఆ పెట్టె. నిజానికి ఈ వ్యవహారమంతటిలో కుర్రాడు చేసిన తెలివైన పని ఆ పెట్టె ఒక్కటే. ఇది మీకు కొంచెం వివరంగా చెప్పాలి.

నశ్యపు గుంట

మీ ఎడమచేతిని ముందుకు చాపి, బొటనవేలిని వీలైనంత వెనక్కు లేపండి. మణికట్టు పక్కన ఒక చిన్న గుంట పడుతుంది. పూర్వం నశ్యం పీల్చేవారు పొడిని ఆ గుంటలోనే పోసుకొనేవారు. అందుకే వైద్య గ్రంథాల్లో కూడా దానికి నశ్యపు డబ్బా అనే పేరు స్థిరపడింది. ఆ గుంటకు అరచేతి వైపున గట్టులాగా తేలే తాడు నిజానికి ఒకటి కాదు, రెండు. ముంజేతి కండరాలు బొటనవేలిని లాగడానికి వాడే తాళ్ళు అవి. వీటిని టెండాన్లు అంటారు. మణికట్టు ఎముకమీద అంగుళం కంటె తక్కువ పొడవున్న ఒక ఒరలోంచి ఈ రెండూ కలిసి దూరిపోతాయి. బొటనవేలు కదిలిన ప్రతిసారీ తాళ్ళు ఒరలో ముందుకూ వెనక్కూ జారుతూ వుంటాయి. అదేపనిగా జారి జారి ఒర మందమెక్కితే లోపల దారి ఇరుకవుతుంది. కత్తి లావెక్కలేదు, ఒర బిగుసుకుంది. ఇక వేలు కదిపినప్పుడల్లా నొప్పే.

స్విట్జర్లాండుకు చెందిన ద కెర్వేన్ అనే శస్త్రవైద్యుడు 1895లో దీన్ని వర్ణించాడు. ఇప్పటికీ జబ్బు ఆయన పేరుమీదనే చలామణి అవుతున్నది. అంతకుముందే బట్టలు ఉతికే స్త్రీల బెణుకు అని ఒక పేరుండేది. పేరును బట్టే తెలుస్తున్నది గదా, ఇది వీడియో గేములతో పుట్టిన జబ్బు కాదు. తడిబట్టలు పిండడం, పసిబిడ్డను చంకల కింద బొటనవేళ్ళు పెట్టి ఎత్తడం, కొడవలితో కోయడం, ఇవన్నీ ఆ ఒరను రాపిడి పెట్టే పనులే. బాలింతల్లో ఇది ఎంత తరచుగా కనిపిస్తుందో చెప్పలేను. "నరం పట్టింది" అని నూనె రాయించుకొని ఊరుకుంటారు.

ఆటలవల్ల వచ్చే చేతినొప్పులు వైద్యుల కంటబడి కూడా నలభై ఏళ్ళు దాటింది. 1981లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో స్పేస్ ఇన్వేడర్స్ మణికట్టు అంటూ ఒక ఉత్తరం అచ్చయింది. 1990లో అదే పత్రికలో మరొక వైద్యుడు నింటెండినైటిస్ అనే పేరు పెట్టాడు. ఆ రోగి ఎవరనుకున్నారు? కుర్రవాడు కాదు. అయిదు గంటలు ఆపకుండా ఆడిన ముప్ఫయి అయిదేళ్ళ గృహిణి వయసు స్త్రీ!

పెట్టె కథ

మనూర్ కుర్రాడు ఆడే ఆట జపాన్‌ది. పేరు సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ. 2001లో వచ్చింది. మామూలు కొట్లాట ఆటల్లో ఎదుటివాడి బలం క్షీణించేదాకా కొట్టాలి. ఇందులో అలా కాదు. చెరువుగట్టు మీద పిల్లలు ఒకరినొకరు నీళ్ళలోకి తోసుకుంటారు చూడండి, అలా గాలిలో తేలే అరుగుల మీద నిలబడి ప్రత్యర్థిని అవతలికి పడగొట్టాలి. పడేవాడు ఎగిరి మళ్ళీ గట్టు పట్టుకోవచ్చు. అందువల్ల ఎగరడం, దూకడం, వెనుదిరగడం క్షణక్షణం జరుగుతూనే వుంటాయి. ఇదంతా మామూలు పరికరంతో ఆడితే ఎడమ బొటనవేలి కింద వుండే పొట్టి పుల్లమీద భారం పడుతుంది. మిగిలిన నాలుగు వేళ్ళూ పరికరాన్ని గట్టిగా పట్టుకొని కూర్చుంటాయి. అంటే ఇంటిపనంతా ఒక్క కోడలిమీద వేసి మిగతావాళ్ళు తలుపు కాసినట్టు!

ఈ ఆటల రూపకర్త మసాహిరో సకురాయికే 2013 ప్రాంతంలో చేతి టెండాన్లలో సున్నం పేరుకొనే జబ్బు వచ్చి, చేతికి విశ్రాంతి ఇవ్వమని వైద్యులు చెప్పారు. న్యూయార్క్‌లో అజీజ్ అల్ యామి అనే ఆటగాడుండేవాడు. హాక్స్ అనే పేరుతో మెలీ ఆటలో ప్రసిద్ధుడు. చేతులు చెడిపోయి, ఆపరేషన్లు చేయించుకొని, ఆటకు చాలాకాలం దూరమయ్యాడు. పుల్ల లేకుండా అన్నీ బటన్లే వుండే పెట్టెలు అప్పటికే కొట్లాట ఆటలకు వున్నాయి. హిట్ బాక్స్ అనే అమెరికన్ సంస్థ వాటిని తయారుచేసి అమ్మేది. అయితే మెలీలో పుల్లను ఎంత వంచితే బొమ్మ అంత వేగంగా నడుస్తుంది. బటన్‌కు నొక్కడం, వదలడం తప్ప వంపు తెలియదు. అందుకని అదనంగా రెండు బటన్లు పెట్టి, వాటిని కలిపి నొక్కితే కదలిక తగ్గేలా అమర్చారు. ఈ పద్ధతిలో అల్ యామి తయారుచేసిన పెట్టె పేరు బాక్స్. స్పెల్లింగులో ఓ అక్షరానికి బదులు సున్న రాసేవాడు. 2025లో ఆయన మరణించాడు. చేతులు పాడైన మనిషి చేసిన పెట్టె ఇప్పుడు చేతులు బాగున్నవాళ్ళు కూడా వాడుతున్నారు.

దీని మర్మం మా తరంవారికి చప్పున అర్థమవుతుంది. ఇంటర్మీడియట్ అయిపోగానే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరి లోయరు, హయ్యరు పరీక్షలు కట్టిన రోజులు గుర్తు తెచ్చుకోండి. మొదటిరోజు నుంచే మాస్టారు పదివేళ్ళూ వాడమనేవారు. రెండు వేళ్ళతో టక్కుటక్కున కొట్టేవాడు నెల తిరిగేసరికి చెయ్యి విదిలించుకొనేవాడు. పెట్టెలో జరిగేదీ అదే. ఎడమచేతి ఉంగరపు వేలు ఎడమకు, మధ్యవేలు కిందికి, చూపుడువేలు కుడికి. ఎగరడానికీ కొట్టడానికీ కుడిచేతి వేళ్ళు. బొటనవేళ్ళకు అడపాదడపా పని. చేతులు బల్లమీద పరుచుకొని వుంటాయి గాని దేన్నీ పిడికిట్లో బిగించవు. కీబోర్డుల్లో వాడే మీటలు 45 నుంచి 60 గ్రాముల ఒత్తిడికే దిగుతాయి. అంత చిన్న ఒత్తిడి చాలుగదా అని తెలియక సుత్తితో మోదినట్టు మోదేవాళ్ళే ఎక్కువ.

ఆటగాళ్ళలో దీనిమీద పెద్ద తగవు వుంది. పుల్ల ఒక వైపునుంచి రెండో వైపుకు చేరేలోపల బటన్ రెండుసార్లు నొక్కవచ్చు కాబట్టి ఇది అన్యాయమని కొందరి వాదం. అందుకని పోటీలవారు కొన్ని నిబంధనలు పెడుతున్నారు. మీ పిల్లలు పోటీలకు వెళ్ళేవారైతే ముందు అవి చూసుకోవాలి. ఆ న్యాయాన్యాయాలు తేల్చడం నా పని కాదు.

అయితే పెట్టె కొంటే నొప్పి పోతుందా? బొటనవేలికి సంబంధించినంతవరకు బరువు తగ్గుతుంది. మనూర్ కుర్రాడికి నిజంగానే తగ్గింది. నేను ఫింకెల్‌స్టీన్ పేరుతో చెప్పుకొనే పరీక్ష చేశాను. మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. బొటనవేలిని లోపలికి మడిచి, మిగతా నాలుగు వేళ్ళతో దాన్ని మూసి, పిడికిలిని మెల్లగా చిటికెనవేలి వైపుకు వంచాలి. మణికట్టు పక్కన చురుక్కుమని ప్రాణం లేచివస్తే ఒర బిగుసుకున్నట్టే. కొద్దిగా లాగినట్టుంటే భయం లేదు, అందరికీ అలాగే వుంటుంది. కుర్రాడికి కొద్దిగానే లాగింది.

కాని కొత్త చిక్కు ఒకటి వచ్చిపడింది. చిటికెనవేలూ, దాని పక్కవేలూ తిమ్మిరెక్కుతున్నాయట. "ఎలా కూర్చుంటావు, చూపించు" అన్నాను. ఈసారి అడిగాను! పెట్టెను బల్లమీద పెట్టుకొని, మోచేతులు రెండూ బల్ల అంచుకు ఆనించి, ముందుకు వంగాడు. మోచేతి లోపలి పక్కన, దెబ్బ తగిలితే కరెంటు కొట్టినట్టు జివ్వుమనే చోట ఒక నరం వుంది. రోజూ మూడు నాలుగు గంటలు దాన్ని బల్ల అంచుకేసి నొక్కితే తిమ్మిరి రాక ఏమవుతుంది? నొప్పి మాత్రలు మింగుతుండటంతో ఎక్కడ ఒరుసుకుంటున్నదో తెలియనే లేదు.

కాబట్టి పెట్టె వాడేవారు దాన్ని మోచేతి ఎత్తులోనో అంతకంటె కాస్త కిందనో, ఒళ్ళో అయినా సరే, పెట్టుకోవాలి. మణికట్టు పైకి విరిగినట్టు వుండకూడదు. ముంజేయి, అరచెయ్యి ఒకే వరుసలో వుండాలి. పెట్టె అంచు పదునుగా వుంటే ఉప్పుకాగితంతో నున్నగా చెయ్యండి, లేదా ముంజేతి కింద మడత పెట్టిన తువ్వాలు వెయ్యండి. మణికట్టును మాత్రం దేనికీ ఆనించవద్దు. ఎందుకంటే అరచేతి మొదట్లో ఇంకో నరం ఇరుకుదారిలోంచి పోతుంది. అది నలిగితే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిపూట మొద్దుబారి నిద్ర లేపుతాయి. చక్కెర వ్యాధి, థైరాయిడ్ జబ్బు వున్నవారికీ, గర్భిణులకూ ఈ బాధ తేలికగా వస్తుంది. ఇన్నాళ్ళూ పనిచెయ్యని వేళ్ళు ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి కాబట్టి మొదటి రెండు మూడు వారాలు రోజుకు అరగంట మించవద్దు. తరువాత కూడా అరగంటకొకసారి లేచి అయిదు నిమిషాలు తిరగాలి.

ఫోన్‌మీద యుద్ధపు ఆటలు ఆడే పిల్లల సంగతి ఇంతకంటె అన్యాయం. అక్కడ రెండు బొటనవేళ్ళు తప్ప ఇంకేమీ పనిచెయ్యవు, మెడ కూడా వంగిపోతుంది. ఫోన్‌ను ఏదైనా ఊతకు ఆనించి పెట్టడం కొంత నయం. ఇక పిల్లవాడు ఆడుతున్నాడు గాబట్టి పిచ్చిపట్టిందేమో అని కంగారుపడే తల్లిదండ్రులకు ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో గేమింగ్ రుగ్మతను జబ్బుల పట్టికలో చేర్చిన మాట నిజమే, అది 2022 నుంచి అమలులో వుంది. కాని తిండి, నిద్ర, చదువు, పని అన్నీ చెడుతున్నా ఆపుకోలేకపోవడం, అదీ సుమారు ఏడాదిగా సాగడం వుంటేనే ఆ పేరు పెట్టాలి. సాయంత్రం గంటసేపు ఆడుకొనేవాడికి ఆ పేరు తగిలించకండి. భయపడితే వాడు ముందు దాచేది ఆటను కాదు, నొప్పిని.

నొప్పి మాత్రల గురించి గట్టిగానే చెప్పాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ వంటివన్నీ ఒకే గోత్రం. కడుపు లోపలి పొరను కాపాడే పదార్థాన్ని కూడా ఇవి తగ్గించేస్తాయి. అన్నం తిన్న తరువాత, డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. పాత చీటీ చూపించి కొనడం మానండి. రక్తపోటు, చక్కెర, మూత్రపిండాల జబ్బు వున్నవారు, పెద్దవయసువారు అడగకుండా ముట్టుకోవద్దు. డెంగీ అనుమానమున్న జ్వరంలో అసలే వద్దు. విరేచనం నల్లగా జిగటగా అయితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

బొటనవేలి ఒర జబ్బుకు అసలు వైద్యం చాలావరకు విశ్రాంతే. బొటనవేలినీ మణికట్టునూ కలిపి కదలకుండా పట్టివుంచే పట్టీ దొరుకుతుంది. మూడు నుంచి ఆరు వారాలు తొడుక్కోవాలి. తువ్వాలులో చుట్టిన మంచుముక్కలు పదినిమిషాలు పెడితే హాయిగా వుంటుంది. తగ్గకపోతే ఒరలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తాం. చాలామందికి ఒకటో రెండో సరిపోతాయి. చక్కెర రోగులకు కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది, కొందరికి సూది వేసినచోట చర్మం కాస్త తెల్లబడుతుంది, కంగారుపడవద్దు. అప్పటికీ లొంగకపోతే మత్తు ఆ చోటికి మాత్రమే ఇచ్చి ఒరను చీరుస్తారు, చిన్న ఆపరేషనే. గట్టిగా మర్దన చేయించడం మాత్రం వాచిన ఒరను ఇంకా రుద్దడమే అవుతుంది. వేళ్ళు మొద్దుబారినా, చేతిలో గ్లాసు జారిపోతున్నా, బొటనవేలి కింది కండ తగ్గి పల్లంపడినా ఇంటివైద్యంతో కాలక్షేపం చెయ్యకండి.

ఇదంతా తల్లికీ కొడుక్కీ చెప్పి, పెట్టెను మళ్ళీ మూట కట్టుకోమన్నాను. నా బల్లమీది చీర ముడి ఆమె కుడిచేత్తో బిగించలేకపోయింది. కొసను పళ్ళతో పట్టుకొని ఎడమచేత్తో లాగింది. "ఏమమ్మా, ఆ చెయ్యి చూడనీ" అన్నాను.

"నాకేంది సారూ, పత్తి ఏరేటోళ్ళకు అందరికి ఉండేదే" అన్నది.

పిడికిలి మూయించి చిటికెనవేలి వైపు కొద్దిగా వంచానో లేదో, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మణికట్టు పక్కన ఉసిరికాయంత వాపు. రెండేళ్ళుగా వున్నదట. పత్తికాయలోంచి దూదిని బొటనవేలూ రెండు వేళ్ళూ చేర్చి లాగాలి, రోజుకు ఎన్ని వేలసార్లో! ఆమె కోసం ఎవరూ పెట్టె తయారుచెయ్యలేదు. నేను చెప్పగలిగింది కొంచెమే. రెండు చేతులూ మార్చి మార్చి ఏరమన్నాను. నిండిన సంచిని వేళ్ళతో కాక భుజానికి తగిలించుకోమన్నాను. తడిబట్టలను మెలిపెట్టి పిండకుండా దండెంమీద నీరు కారనిమ్మన్నాను. బిందెను అంచు పట్టి కాక కిందనుంచి రెండు అరచేతులతో ఎత్తమన్నాను. పసిపిల్లలను ఎత్తుకొనే తల్లులకూ ఇదే మాట: ఒక అరచెయ్యి పిరుదుల కింద, ఇంకొకటి వీపుకింద.

ఇంజెక్షన్ ఇప్పుడే ఇస్తానంటే ఒప్పుకోలేదు. కొడుకు మాత్రం చెప్పినట్టే వింటున్నాడు. మొన్న రక్తపరీక్షకు వచ్చాడు, 11 గ్రాములకు చేరింది. ఆట గంటకు తగ్గించాడట, బల్ల మానేసి పెట్టెను ఒళ్ళో పెట్టుకుంటున్నాడు, తిమ్మిరి లేదు. తల్లి ఏదయ్యా అంటే, ఇంకొక ఏరుడు మిగిలింది, అది అయిపోయాక వస్తుంది అన్నాడు. నేనిచ్చిన పట్టీని ఆమె రాత్రిళ్ళు తొడుక్కుంటున్నదట గాని సరిగా కూర్చోవడం లేదట. కూర్చోదు మరి, అది అతడి ఎడమచేతి కొలత. ఆమె నొప్పి కుడిచేతికి. కుడిచేతి పట్టీ ఒకటి కొత్తగా రాసి ఇచ్చి పంపాను.